పెదనాన్న నడుము, పక్క చేను గట్టు

బీఫార్మసీ పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి తను తప్ప అందరూ రోగుల్లాగే కనిపిస్తారు. నాకైతే మరీను. మాచర్లలో మందుల షాపులో చేరి నెల తిరక్కముందే, ఊళ్లో తుమ్మినవాణ్ణల్లా ఆపి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. (జ్వరంతో ఉన్నవాళ్లు పారిపోలేరు కదా.) సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెదనాన్నకి నడుము పట్టేసింది. ఆయన గట్టు రాయిని రెండడుగులు ఆమె చేలోకి జరిపాడని పక్క చేను అత్త పంచాయతీ పెట్టించింది. ఆ రెండడుగులూ పోతే ఆమెకి ఒక సాలు మిరప పోయినట్టే. పాపం, చూసినవాళ్లెవరూ లేరు. పెదనాన్నేమో ఒట్టేసి మరీ కాదన్నాడు. ఇంటిల్లిపాదితోపాటు నేనూ నమ్మాను.

పంచాయతీ రోజు పొద్దున ఆయన మంచం దిగలేకపోయాడు. డాక్టరు రాత్రిపూట అర బిళ్ల వేసుకోమన్నాడు. అర బిళ్ల ఏ మూలకని నేను రెండు మింగించాను.

"ఏందిరా ఇది?" అన్నాడు.

"మన ఒంట్లో గాబా అని ఒకటుంటుంది పెదనాన్నా (నీళ్ల గాబా కాదు). అది నరాలకి బ్రేకు. ఈ బిళ్ల వెన్నుపాములో ఆ బ్రేకుని ఇంకాస్త గట్టిగా తొక్కుద్ది. కండరాలు వదులైతై."

అదే బ్రేకు మెదడులోనూ ఉంటుందని, అక్కడ తొక్కితే నిద్రతోపాటు భయమూ జంకూ కూడా వదిలిపోతాయని పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది. పరీక్షలో రాదన్నారని ఆ పేజీ వదిలేశాను.

పంచాయతీలో పెదనాన్న హాయిగా కూర్చుని అందరినీ చూసి నవ్వాడు. అత్తనైతే "బాగుండావా చెల్లెమ్మా" అని పలకరించాడు. ఊరి పెద్ద మర్యాదకి అడిగాడు.

"నడుం ఎట్టా పట్టిందయ్యా?"

"ఏముంది మామా, గట్టు రాయి జరుపుతుంటే పట్టింది. చానా బరువు."

అత్త మెల్లగా అడిగింది.

"ఎంత జరిపావన్నా?"

"రెండడుగులే చెల్లెమ్మా. మూడు జరుపుదామనుకున్నా, ఈలోపు నడుం పట్టేసింది."

ఆ మాట అని నా భుజం మీదే నిద్రపోయాడు. కాళ్లు నిలవకపోతే నలుగురం మోసుకొచ్చాం. పెద్దమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"ఒరేయ్, నడుముకి మందియ్యమంటే నోటికిచ్చావేందిరా?"

సాయంత్రానికి రాయి పాత చోటికి చేరింది. పెదనాన్న ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అత్త మాత్రం ఇప్పటికీ ఏటా నాకు ఎండుమిరపకాయలు పంపుతుంది. ఇప్పుడు నర్సరావుపేటలో నా సొంత షాపులో అర బిళ్లంటే అర బిళ్లే ఇస్తాను. ఆనాటి కుర్రాడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ వాడు ఆ వదిలేసిన పేజీ చదివుంటే, అత్త చేను అత్తకి దక్కేది కాదు.