అమ్మీకి నిలిచిన పేలపిండి

హజ్ ఓడకు మా పేర్లు వచ్చినయని మొదట చెప్పింది కోరుట్లలో మా వాడ పోస్ట్‌మ్యాన్. "బొంబాయిల ఎక్కాలె, ముగ్గురికీ దొరికింది" అని కాగితం చేతిలో పెట్టిండు. మా ఆయన అల్లాకు శుక్రు చెప్పుకున్నడు. నేను నన్ను కన్న అమ్మీ దిక్కు చూసిన. జగిత్యాల బస్సెక్కితేనే కక్కే మనిషి, వారం పైన నీళ్ల మీద ఏం తిని బతుకుతది?

పోయొచ్చినోళ్లను అడిగిన. ఎక్కే ముందు మూడు రోజులు మాంసం ముట్టొద్దన్నరు. ఓడలో అన్నం పెడ్తరు గని నూనె వాసనకే తల తిరుగుతదన్నరు. నెయ్యి రొట్టెలు చేసి చూసిన. అమ్మీ ఒక ముక్క కొరికి పక్కకు పెట్టింది.

మగ్గం నేసే పక్కింటి అక్క నవ్వింది. "గివి చేపలకేస్తవా చెల్లె? జొన్న పేలపిండి తీస్కపో. మా అత్తకు జరమొస్తె కడుపుల గదే నిలిచింది."

తన వాకిట్లోనే రెండు రోజులు పేలాలు వేయించి, ఇసుర్రాయిల విసిరి, రెండు డబ్బాలు నింపింది.

అన్నలు, గదే నక్సలైట్లు, తిరిగే కాలం. ఇంటి మందికి మించి పొయ్యి మీద పెడితే ఎవరికని అడిగే రోజులు. మాకు ఆ సోయే లేకపాయె. అక్క వాకిట్లకు పోలీసులొచ్చిన్రు.

"గింత పిండి ఏ అడవికే?"

"అడవికి కాదు సారూ, మక్కాకు" అన్నది అక్క.

మగ్గపామె పిండి మక్కాకు పోవుడేందని నవ్వి, అక్కను డబ్బాలతో సహా జీపెక్కించిన్రు. మా ఆయన ఓడ కాగితం పట్టుకొని ఠాణాకు ఉరికిండు. పొద్దు వాలినంక వదిలిన్రు. ఒక డబ్బా కింద గుమ్మరించి కట్టెతో కెలికిన్రట. రెండోదాన్ని అక్క ఒడిలోంచి విడువలేదు. నేను ఏడిస్తె, "ఏడ్వకు, మూత గట్టిగ పెట్టు, మెత్తబడ్తది. గిది అమ్మకే, నువ్వు తినకు" అన్నది.

తినలేదు. ఓడలో రెండో రోజుకే నేనూ మా ఆయనా పడిపోయినం. అమ్మీకి గోరువెచ్చని నీళ్లల్ల రెండు చెంచాలు కలిపిస్తే నిలిచింది. ఇంకేది పెట్టినా నిలువలేదు. ఉన్నది ఒక్క డబ్బానాయె, చివరి రోజుల్లో ఒక్క చెంచాకు దింపిన. జిద్దాలో నా భుజం పట్టుకొని, తన కాళ్ల మీదనే దిగింది. కాబా ముందు అమ్మీ చేతులెత్తి అడిగిన మొదటి దువా అక్కకే.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నమాజుకు కూసుంటే లేవడానికి గోడ కావాలె నాకు. అమ్మీ తర్వాత అక్క కోసం దువా చేసేది నేనే, ఇంకెన్ని దినాలు చేయగలనో. మీరు ఏ దేవునికి మొక్కేటోళ్లయినా సరే, ఒక్కసారి ఆ అక్కను యాది చేసుకోండి.