సగం చదివిన కరెంట్ గురు

"ఎవడ్రా ఆ కరెంట్ గురు? ఒక్కసారి నా కళ్లముందుకి రమ్మనండి వాణ్ణి!"

మొన్న ఆదివారం పొద్దున్న, రాయపూర్ పక్కనున్న మా బీర్‌గావ్‌లో వీధి ఆ చివర మొదలైన కేక ఈ చివరిదాకా వచ్చేసింది. అరుస్తున్నది మా ఎదురింటి అప్పారావు బావ. స్కూటరు స్టాండు వెయ్యలేదు, హెల్మెట్ తియ్యలేదు. చేతిలో రెండు వైర్లు వేలాడుతున్న చిన్న డబ్బా ఒకటి పట్టుకుని గాల్లో ఊపుతున్నాడు. "క్యా హువా భయ్యా?" అంటూ జనం గుమ్మాల్లోకి వచ్చేశారు.

నేను అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆ మాట వినగానే పొలమారిపోయింది! ఎందుకంటారా? ఆ కరెంట్ గురు ఇంకెవరో కాదండీ బాబూ, నేనే!

అసలు సంగతి చెబుతాను వినండి. రాయపూర్ తెలుగువాళ్లకి ఫోన్లో ఒక రిపేర్ల గ్రూపు ఉంది. మిక్సీ, మోటారు, కూలరు, ఏది మొరాయించినా అందులో అడుగుతారు. తెలిసినవాళ్లు జవాబు చెబుతారు. నేను ఉర్లా ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి. చదువు పదో తరగతే, అదీ రెండో దఫాలో గట్టెక్కింది. కానీ వైరు పట్టుకుంటే మాత్రం నేను వేరే మనిషిని! ఆ గ్రూపులో "కరెంట్ గురు" అని పేరు పెట్టుకుని, నా బొమ్మకి బదులు టెస్టర్ బొమ్మ పెట్టుకుని, రోజూ జవాబులే జవాబులు. ఎక్కువ జవాబులు చెప్పినవాళ్ల పేరు పక్కన పసుపు నక్షత్రం వస్తుంది. నాకు వచ్చింది! ఆ రోజు మా ఆవిడకి నాలుగుసార్లు చూపించాను. "ఆ నక్షత్రంతో గ్యాసు వెలుగుతుందా?" అంది. ఆవిడ సంగతి వదిలెయ్యండి.

నక్షత్రం వచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. అందరికంటే ముందు నా జవాబే పడాలి! ప్రశ్న పూర్తిగా చదివేంత తీరిక ఎవడికి?

ఆ ఆదివారం తెల్లవారుతూనే ఎవరో పేరు దాచుకుని ఒక ప్రశ్న పెట్టారు. "గ్రైండర్ స్విచ్చి వేస్తే మోటారు సౌండు వస్తోంది, రాయి తిరగడం లేదు. ఈరోజు ఇంట్లో ఫంక్షన్..." అక్కడితో ఆగి, కింద "ఇంకా చదవండి" అని చిన్న అక్షరాలు. నేను వాటిని నొక్కలేదు. ఎందుకు నొక్కాలి? సౌండు వస్తోంది, తిరగడం లేదు అంటే మోటారుకి మొదటి ఊపు ఇచ్చే కెపాసిటరే పోయినట్టు! టకటకా కొట్టేశాను. "కెపాసిటర్ పోయింది. పక్కా. మార్చండి."

అంతటితో ఆగానా? ఆగితే నేనెందుకవుతాను! కింద ఇంకో ముక్క తగిలించాను. "అడిగే ముందు గ్రూపులో పాత పోస్టులు వెతుక్కోవాలి. ఈమాత్రం తెలియనివాళ్లకి గ్రైండర్ ఎందుకు? రోలు కొనుక్కోండి." పైగా నవ్వు బొమ్మలు మూడు!

ఎవరో ఒకమ్మాయి మర్యాదగానే రాసింది. "గురువుగారూ, పోస్టు చివరిదాకా చదివారా?" దానికి నేను, "నా సర్వీసు అంత లేదమ్మా నీ వయసు" అని రాసేసి, ఫోను చొక్కా జేబులో వేసుకుని, దర్జాగా స్నానానికి పోయాను.

ఇప్పుడు వీధిలో అప్పారావు బావ! నేను లేచి, ఏమీ ఎరగనివాడిలా వెళ్లాను.

"ఏటి బావా, ఏటయ్యింది?"

"ఏటవ్వాల! ఈరోజు మనవడి అన్నప్రాసన. తిల్దా నుంచి మా వియ్యాలవారు పదకొండింటి బండికి దిగుతున్నారు. గారెలకని నాలుగు కిలోల మినపప్పు నానేసింది మా కోడలు. గ్రైండర్ తిరగదు! గ్రూపులో ఎవడో కెపాసిటర్ పోయింది, పక్కా అన్నాడు. దీన్ని విప్పి పట్టుకుని రాయపూర్ అంతా తిరిగాను. ఆదివారం, దుకాణాలన్నీ బంద్! ఒక్కడు షట్టరు ఎత్తి, మీటరు పెట్టి చూసి, 'యే తో ఏక్‌దమ్ ఠీక్ హై చాచా, నిక్షేపంలా ఉన్నదాన్ని ఖరాబ్ అని చెప్పిన తెలివైనోడు ఎవరు?' అని నవ్వాడు బావా, నవ్వాడు!"

"అలాంటోళ్లుంటారు బావా," అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకు తెలీదు.

"రోలు కొనుక్కోమన్నాడు! నన్ను! వాడు కనపడితే ఆ రోట్లోనే వేసి రుబ్బుతాను!"

లోపలికి వెళితే వాళ్ల కోడలు శ్రావణి గ్రైండర్ ముందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బాబు పుట్టాక తన అమ్మానాన్నలు ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారట. "మా నాన్నకి ఫోన్‌లో చెప్పాను మావయ్యగారూ, ఈసారి గారెలు నేనే చేసి పెడతానని. పాపం పొద్దున్నించీ ఏమీ తినకుండా వస్తున్నారు," అంది.

"ఎదురుగా నేనున్నాను కదమ్మా, ఒక్క మాట అడగొచ్చు కదా?"

ఆ పిల్ల తల దించుకుంది. "మిమ్మల్ని అడిగితే... ముందు తిడతారు కదా మావయ్యగారూ. పోయిన నెల ఫ్యాను గురించి అడిగితే, 'ఇదీ తెలీదా, ఏం చదివావ్' అన్నారు. అందుకే పేరు కనపడకుండా గ్రూపులో పెట్టాను."

చూశారా! నా నోటికి భయపడి వీధి దాటకుండా, ప్రపంచమంతా చుట్టి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది ఆ పిల్ల!

"ఏదీ, ఏం రాశావో చూపించు," అని ఫోను తీసుకుని, జీవితంలో మొదటిసారి ఆ "ఇంకా చదవండి" నొక్కాను. కింద ఏముందో తెలుసా? "నిన్న కడగడానికి గ్రైండర్ పక్కకి వాల్చాం. అప్పుడు అడుగునుంచి నల్లటి రబ్బరు రింగు ఒకటి ఊడి పడింది. శుభ్రంగా కడిగి బాబుకి ఆడుకోడానికి ఇచ్చాం. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందంటారా?"

సంబంధమా! అది బెల్టు తల్లీ! మోటారుకీ రాయికీ ఉన్న ఒకే ఒక్క చుట్టరికం అదే!

తిరిగి చూస్తే చాప మీద బాబు బోర్లా పడుకుని, రెండు చేతులతో బెల్టు పట్టుకుని, బోసినోటితో చప్పరిస్తున్నాడు. అన్నప్రాసనకి ముందే బెల్టు ప్రాసన అయిపోతోంది! వాడి చేతిలోంచి అది లాగేసరికి వీధి అదిరేలా ఏడుపు. గిలక్కాయ ఇచ్చి, బెల్టు తుడిచి, ప్లగ్గు తీసేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, కెపాసిటర్ మళ్లీ బిగించి, బెల్టు ఎక్కించాను. స్విచ్చి వేస్తే... గర్ర్‌ర్! రాయి తిరిగింది! అప్పారావు బావ నన్ను కావలించుకున్నాడు. "మొనగాడివి బావా! ఆ గురుగాడు నీ కాలి గోటికి చాలడు!"

నేను సిగ్గుపడుతున్నట్టు నటిస్తున్నాను. ఇంతలో శ్రావణి ఉత్సాహంగా ఫోను తీసుకుంది. "ఆ గురువుగారికే విడిగా, తగిలేలా రాస్తానుండండి. మా ఎదురింటి మావయ్యగారు నిమిషంలో బాగుచేశారని!" నొక్కింది.

నా చొక్కా జేబులో... టింగ్!

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. "ఏదో మెసేజి," అన్నాను. శ్రావణి కళ్లు చిన్నవి చేసి ఇంకోసారి నొక్కింది. టింగ్! మూడోసారి, నా జేబునే చూస్తూ నొక్కింది. టింగ్!

"బావా!" అన్నాడు అప్పారావు.

"బావా..." అన్నాను నేను.

ఇంక దాక్కోడానికి చోటేదీ? "నేనేనమ్మా ఆ గురుగాణ్ణి. సగం చదివి మొత్తం చెప్పేశాను. తిట్టిందీ నేనే. తప్పయిపోయింది," అన్నాను. శ్రావణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది చూడండీ! అప్పారావు బావ మాత్రం నవ్వలేదు. "ఆ ముక్క గ్రూపులో రాయి. ఇప్పుడే. నా ముందే," అన్నాడు. రాశాను. పోస్టు చదవకుండా జవాబిచ్చాననీ, అడిగినవాళ్లని అవమానించాననీ, అడ్డు చెప్పిన అమ్మాయిదే రైటనీ రాశాను. నా జవాబులన్నిటికీ కలిపి రానన్ని మెచ్చుకోళ్లు ఆ ఒక్క క్షమాపణకి వచ్చాయి!

పిండి రుబ్బే కాపలా నాకే వేశారు. పన్నెండున్నరకి గారెలు వేగాయి, బాబు పాయసం నాకాడు, డాబా మీద షామియానా కింద అందరం వరసగా కూర్చున్నాం. శ్రావణి వాళ్ల నాన్న మొదటి గారె కొరికి కూతురి వైపు చూసి తల ఊపాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

ఇంతలో నా పక్కన కూర్చున్న శ్రావణి వాళ్లమ్మగారు, "అన్నయ్యగారూ, మా ఫ్రిజ్ కింద నీళ్లు కారుతున్నాయండి, ఏమై ఉంటుంది?" అన్నారు. నోరు తెరిచాను. వరసంతా నావైపే చూస్తోంది! నోరు మూసుకుని, "మొదటి నుంచి చెప్పండమ్మా, పూర్తిగా వింటాను," అన్నాను.

ఆవిడ ఫ్రిజ్ కొన్న రోజు దగ్గర మొదలుపెట్టారు. నేను చేతిలో ముక్క నోట్లో పెట్టుకోకుండా, ఒక్క మాటైనా అడ్డు రాకుండా, చివరిదాకా విన్నాను. విని, జవాబు చెప్పి, గర్వంగా ఆకు వైపు తిరిగి, "శ్రావణమ్మా, ఇంకో రెండు గారెలు!" అన్నాను.

"అయిపోయాయి మావయ్యగారూ," అంది.