సుగుణకు తెలియని చూపులు

చాలా ఏళ్లుగా ఒక మాట మింగలేక కక్కలేక బతుకుతున్నాను. నేనాడిన అబద్ధం అది. దానివల్ల నష్టపోయిన మనిషి మా ఇంట్లోనే ఉంది. రోజూ నాకు అన్నం వడ్డిస్తుంది. మా ఆయన చెల్లెలు. పేరు సుగుణ అనుకోండి. నా పేరు మీకెందుకు?

మాది నాచారం. మా ఆయనది ఫ్యాక్టరీ ఉద్యోగం. నేను ఉప్పల్లో మందుల కంపెనీలో ప్యాకింగుకు పోయేదాన్ని, షిఫ్టు డ్యూటీ. అత్తమ్మ పోయాక సుగుణ ఊరినుంచి మా దగ్గరికి వచ్చింది. అప్పటికి నా పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. వాళ్లకు నీళ్లు పోసింది, తినిపించింది, బడికి తోలింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కంచంలో అన్నం ఉండేది. ఆ సుఖానికి అలవాటు పడ్డాను. ఉన్నమాట చెప్పుకోవడానికేగా కూర్చున్నాను.

అప్పట్లో మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి పిలిచి చూపులు పెడితే, అబ్బాయివాళ్లు వద్దంటే ఆ సంగతి వాడకట్టంతా తెలుస్తుంది. అందుకని పిల్లకు చెప్పకుండా నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు షికారని తీసుకుపోయేవాళ్లం. అవతలివాళ్లు కూడా షికారుకొచ్చినట్టే వచ్చి చూసుకునేవాళ్లు. నచ్చితే ఇంటికొస్తారు. నచ్చకపోతే ఎందుకని ఎవరూ అడగరు, పిల్లకు తెలియను కూడా తెలియదు. మంచి పద్ధతే. నాలాంటిదానికి మరీ బాగా పనికొచ్చింది.

లాలాగూడలో రైల్వే పని చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. ఆ ఆదివారం మా ఆయనకు డ్యూటీ పడి, నువ్వే తీసుకుపో అని నామీద పెట్టాడు. సుగుణ చెప్పులు పాతవని నా కొత్త చెప్పులు ఇచ్చాను. మంచి మనసుతోనే ఇచ్చాను. పొద్దున నాకు ఏ దురాలోచనా లేదు. లేదనే అనుకుంటున్నాను. కోఠీలో బస్సు మారి నాంపల్లిలో దిగేసరికే ఆ చెప్పులు కరిచి ఆమె మడమలు పుండ్లయ్యాయి. అయినా సుగుణ సంతోషం సంతోషమే. తామరల కొలను దగ్గర కూర్చుని పిల్లలకు పూరీలు తినిపిస్తూ, అంత పెద్ద తోటకు టికెట్టు లేదంటే నమ్మనంది.

అబ్బాయి కాస్త దూరంగా బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లక్క వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చుంది. సుగుణ పిల్లల చేతులు కడగడానికి నల్లా వైపు నడిచింది. కుంటుతూ నడిచింది.

"మా తమ్మునికి పిల్ల మస్తు నచ్చిందక్కా," అంది ఆవిడ. కాసేపు అటే చూసి, "జర కుంటుతున్నట్టుంది. కాలుకేమన్న అయిందా?" అని అడిగింది.

చెప్పు కరిచిందని చెబితే సరిపోయేది. ఒక్క మాట. ఆ ఒక్క మాటకు ముందు నాకు రేపటి ఫస్టు షిఫ్టు గుర్తొచ్చింది. పిల్లల్ని ఎవరు చూస్తారు?

"ఏం గాలే. సిన్నప్పటి సంది గట్లనే నడుస్తది," అన్నాను.

నోరు జారిందని నాకు నేనే ఎన్నోసార్లు నచ్చజెప్పుకున్నాను. జారలేదు. ఆవిడ అయ్యో అంది. ఆ అయ్యో విన్నాక కూడా, లేదమ్మా అని దిద్దుకోవడానికి నాకు బోలెడు వ్యవధి ఉంది. వాళ్లు లేచి గేటు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. నచ్చలేదట అని మా ఆయన దిగులుపడితే, పోతే పోనీ అని ఓదార్చాను కూడా! ఆ తర్వాత ఒకటి రెండు సంబంధాలు వచ్చి వాటంతటవే ఆగిపోయాయి. నేను ఆపలేదు. నిలబెట్టడానికి ప్రయత్నించనూ లేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. సుగుణ తలలో వెంట్రుకలు నెరిశాయి. మా వదిన నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంటుందని అందరికీ చెబుతుంది. విన్నప్పుడల్లా నామీద నాకే రోత పుడుతుంది. మళ్లీ ఆమె చేతి అన్నమే తింటాను. ఇంతకంటే సిగ్గులేనితనం ఏముంది?

మొన్న చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండా అడిగింది.

"వదినా, నన్ను సూడనీకి ఎవలన్న వచ్చిన్రా ఎప్పుడన్న?"

"లేదు," అన్నాను.

"గదే అనుకున్న," అని మళ్లీ కాయలు తుంచుకుంది.

మొదటి అబద్ధానికి పిల్లల్ని ఎవరు చూస్తారన్న సాకు ఉంది. దీనికి ఏ సాకూ లేదు. నిజం చెబితే నన్ను ఏమంటుందోనన్న భయం, అంతే. ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు, ఇక రాదు కూడా. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఒక్క మనిషికైనా ఈ సంగతి తెలియాలి, అందుకే రాస్తున్నాను. సుగుణను చూడడానికి ఒకరు వచ్చారు. చూశారు. నచ్చింది.