చెయిన్ మోగితే మావయ్య ఊరుకోడు

మా మావయ్యకు ఈ ప్రపంచంలో పడనిది ఒక్కటే: మోగే సైకిల్ చెయిన్. పక్కింట్లో గోడ కూలగొడుతున్నా హాయిగా గురకపెట్టేవాడు. వీధి మలుపులో ఎవరి చెయిన్ అయినా కరకరమందా, కంచం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచిపోయేవాడు.

మావయ్య అమ్మకు తమ్ముడు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపేవాడు. ఆ రోజుల్లో మా వీధికి గేర్ల సైకిళ్ళు కొత్త. ముందు రెండు పళ్ళచక్రాలు, వెనక ఆరు. మోజుకొద్దీ కొన్నారు గానీ దేనికి దేన్ని జతచెయ్యాలో ఎవరికీ తెలియదు. ఆ అజ్ఞానాన్ని పోగొట్టడానికే తాను పుట్టానని మావయ్య నమ్మకం.

“ముందు పెద్దచక్రం మీద పెట్టి, వెనక కూడా పెద్దదాని మీదే వేస్తారటండీ? చెయిన్ ఏటవాలుగా ఒరుసుకుని అరిగి చస్తుంది! ముందు పెద్దదైతే వెనక చిన్నవి. ముందు చిన్నదైతే వెనక పెద్దవి. చెయిన్ తిన్నగా ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి!”

ఈ పాఠం వినని మనిషి మా చుట్టుపక్కల లేడు. పోస్ట్‌మాన్ అయితే దుకాణం కనబడగానే దిగి, సైకిల్‌ని నడిపించుకుపోయేవాడు.

ఒకసారి లెక్కల మాస్టారు కళ్ళ పరీక్షకు వచ్చారు. మావయ్య ఆయన ముక్కు మీద బరువైన ఫ్రేమ్ పెట్టి, అందులో అద్దాలు వేసి, “మూడో వరస చదవండి” అన్నాడు. అంతలో బయట కర్‌ర్‌ర్ మంది. మావయ్య మాయం. మాస్టారు మూడో వరస మూడుసార్లు చదివి, మెచ్చుకునేవాళ్ళు లేక, ఆ ఫ్రేమ్‌తోనే వీధిలోకి వచ్చారు. అక్కడున్న దీపస్తంభాన్ని, “ఏమండీ, కళ్ళజోళ్ళాయన ఎటు వెళ్ళాడు?” అని మర్యాదగా అడిగారు.

ఆ సమయానికి మావయ్య రెండు వీధుల అవతల ఒక బ్యాంకు గుమాస్తా వెంటపడి పరుగెడుతున్నాడు.

“నా దగ్గరేమీ లేదండీ!” అని గుమాస్తా కేక.

“గేర్లున్నాయిగా! మార్చండి!” అని మావయ్య కేక.

అత్తయ్య ఉక్రోషం ఇంకోటి. “మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నన్ను ఒక్కసారి చూశారు. మా నాన్న సైకిల్‌ని మూడుసార్లు చూశారు” అనేది.

అమ్మ వంతెన అవతల లైబ్రరీలో పనిచేసేది. నేను హైస్కూల్లో ఉన్న ఏడు, వంతెన మీద లారీ హారన్‌కు బెదిరి సైకిల్ మీంచి పడిపోయింది. సైకిల్ వంకరపోయింది, మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి మణికట్టు కుదిరింది గానీ ధైర్యం కుదరలేదు. అటువైపు బస్సుల్లేవు.

“ఉద్యోగం మానేస్తానే” అంది ఒక సాయంత్రం, బట్టలు మడతపెడుతూ. పుస్తకాల వాసన లేని అమ్మ ఎలా ఉంటుందో నాకు ఊహకందలేదు.

ఈ మాట మావయ్య చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే ప్రాణంతో సమానమైన తన సైకిల్‌ని మా గుమ్మంలో నిలబెట్టాడు. మనిషి పొట్టి కాబట్టి మధ్యలో అడ్డకడ్డీ లేనిదే కొనుక్కున్నాడు. అది అమ్మకు సరిగ్గా సరిపోయింది. తనకోసం ఎవరిదో పాత సైకిల్ అడిగి తెచ్చుకున్నాడు.

“ఇది తొక్కక్కా. చెయిన్‌లో ఏదో తేడా ఉంది. నేను వెనకాల వస్తూ వింటేగానీ తెలీదు.”

“ఎంతదూరం వస్తావురా?”

“తేడా తెలిసేదాకా.”

అమ్మ భయంభయంగా ఎక్కింది. నా స్కూలు దారీ అదే కావడంతో నేనూ పక్కన బయల్దేరాను. మలుపు తిరగ్గానే అమ్మ వేలు తగిలి గేరు మారింది. ముందు పెద్దది, వెనకా పెద్దదే. కర్‌ర్‌ర్!

“అక్కా, గేరు!” అని అరిచాడు మావయ్య.

అమ్మ ఉలిక్కిపడి కిందికి చూసింది. సైకిల్ వంకర్లు తిరిగి, కాలవ అంచు దాకా వెళ్ళి ఆగింది. మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు.

అలా నెలరోజులు. రోజూ బయల్దేరే ముందు తానే గేర్లు సరిచేసేవాడు. రోజూ మలుపు దాటగానే కర్‌ర్‌ర్. పళ్ళు బిగబట్టి, చెవులు ఎర్రగా కంది, లైబ్రరీ దాకా వెనకాలే వెళ్ళేవాడు. ఒకరోజు పోస్ట్‌మాన్ ఎదురై, “ఏమండీ, వినబడటంలేదా?” అని అడిగాడు.

“ఏమిటి వినబడేది?” అన్నాడు మావయ్య.

పోస్ట్‌మాన్ ఉత్తరాల సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నెలాఖరున నాకు సెలవు కావడంతో నేనూ లైబ్రరీ దాకా వెళ్ళాను. గేటు దగ్గర అమ్మ దిగి, “రేపట్నుంచి ఒక్కదాన్నే వస్తాలేరా” అంది.

“అయితే ఇప్పుడు చెప్పొచ్చా?”

“చెప్పు.”

“ముందు పెద్దది, వెనకా పెద్దదక్కా! నెలరోజులు!” అని అరిచాడు మావయ్య.

“తెలుసురా. మొదటిరోజు ఆ గేరు పొరపాటున పడింది. తర్వాత్నుంచి నేనే వేశాను.”

“కావాలనా?”

“వెనక్కి తిరిగి చూడాలంటే భయం. నువ్వున్నావో లేదో ఎలా తెలియాలి? చెయిన్ మోగుతున్నంతసేపూ నువ్వు వదిలిపెట్టి పోవుగా!”

మావయ్య చెయిన్‌ని చూశాడు, అమ్మని చూశాడు, పకపకా నవ్వేశాడు.

“ఇంతకీ తేడా తెలిసిందా?” అంది అమ్మ.

“తెలిసింది. ఇప్పుడది లేదులే.”

ఆ ఆదివారం సైకిల్‌ని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాం. చెయిన్ సాగిపోయింది, చక్రాల పళ్ళు అరిగి మొండిదేలాయి. మెకానిక్ ఆ చెయిన్‌ని రెండువేళ్ళతో పైకెత్తి పట్టుకుని, “ఇంత ఘోరంగా తొక్కిన మహానుభావుడెవరండీ?” అన్నాడు.

దుకాణంలో అందరూ మావయ్య వైపు చూశారు.

“నేనేనయ్యా” అన్నాడు మావయ్య దర్జాగా.