ఒట్టి చుక్క

బయ్యప్ప చింతామణి ఊళ్ళో టమోటా సంఘం ఆఫీసు మెట్లెక్కుతుంటే కుళ్ళిన టమోటా కంపు గొంతుదాకా దిగింది. గేటు పక్కన రైతులు కుమ్మరించిపోయిన కాయ నీరు కారుతూ, ఈగలు ముసిరి పడి ఉంది. వేలం బంద్ అని టమోటా సంఘం అధ్యక్షుడు శ్యామసుందర పేరుతో సంఘం సర్వర్‌కు వచ్చిన మెయిల్, అక్కణ్ణుంచి వ్యాపారులందరికీ దానంతట అదే వెళ్ళిపోయింది. వాళ్ళు రాలేదు. సరుకు వచ్చింది.

అధ్యక్షుడి పాస్‌వర్డ్ తెలిసింది గుమాస్తా నేత్ర ఒక్కతెకే. ఆమే పంపిందని అనుమానించి ఇంటికి పంపేశారు. సాయంత్రం కమిటీ కూర్చుంటే ఉద్యోగం పోయినట్టే.

బయ్యప్ప మిట్టేమరి బడిలో నేలమీద కూర్చుని చదివినవాడు. సంఘానికి మొదటి కంప్యూటర్ తెచ్చినవాడు, మెయిల్ సర్వర్‌ను తన చేత్తో నిలబెట్టినవాడు, చిక్కబళ్ళాపురలో జిల్లా సన్మానపు శాలువా కప్పించుకున్నవాడు. ఆ శాలువా సంగతి అడగనివాళ్ళకు కూడా చెబుతాడు. ఈరోజు మాత్రం నోరు విప్పకుండా సర్వర్ ముందు కూర్చుని, ఆ మెయిల్ ఎట్లా వచ్చిందో వెతికాడు.

"ఏమన్నా, ఆ పాపను ఇంకా వెనకేసుకొస్తాండావా?" అన్నాడు శ్యామసుందర.

"ఆ పాప మిషన్ నుంచి వచ్చినట్టు యాడ ఉండాది? ఇట్లా చూడు. జాబు, అదే మెయిల్, అయిపోయిందని చెప్పేదానికి ఒక వరసలో ఒట్టి చుక్క పెడతారు. ప్రతి వరస చివరా, వరస తెగిందని చెప్పే రెండు గుర్తులుండాల. పంపిన దొంగోడు ఆ చుక్క దగ్గర ఒక్కో గుర్తే పెట్టినాడు. జాబులు మోసే బెంగళూరు కంపెనీ సర్వర్ దాన్ని ముగింపు అనుకోలే, అంతా ఒకే జాబుగా పంపించింది. మన సర్వర్ అక్కడ తెంచి, మిగిలిందాన్ని ఇంకో జాబు అనుకునింది. దాంట్లో నీ పేరు రాసిపెట్టినాడు."

"పంపినోడెవురో మన సర్వర్ చూసుకోదా?"

"చూసింది. నీ జాబులూ ఆ కంపెనీ దారినే వస్తాయి గదా. దారి సరిపోయింది, పేరూ నిజమే అనుకునింది."

"మరి ఒక్క గుర్తుకే ఎందుకు తెంచింది?"

"బాగేపల్లిలో మీ పాత తూకం మిషన్ ఉండాదే, అది పంపే బిల్లుల్లో ఒక్క గుర్తే ఉంటాది. ఎట్లొచ్చినా తీసుకోవాలని తీర్మానం చేసింది మీరే. వద్దురా అన్నాను. కొత్తది తెచ్చేదానికి మీకు మనసు రాలే."

శ్యామసుందర గడ్డం గోక్కున్నాడు. "సరే, పాపను రమ్మను. ఆ ఒక్క గుర్తు దారి మాత్రం మూయొద్దన్నా. బాగేపల్లి బిల్లులు నిలిచిపోతాయి."

బయ్యప్పకు బయటి కుప్పకన్నా ఈ మాటే ఎక్కువ కంపు కొట్టింది.

"థూ! రేపు ఇట్లాంటిదే ఇంకోటొస్తే మళ్ళా ఎవురిని ఇంటికి పంపుతావు?"

బయ్యప్ప సర్వర్‌లో ఒక్క గుర్తుకిచ్చిన ఆ సడలింపు తీసేశాడు. ఇక సరైన ముగింపు లేని మెయిల్ గడప దాటదు.

నేత్ర వచ్చేసరికి బాగేపల్లి నుంచి ఫోను మోగుతోంది. బిల్లు వెనక్కి వచ్చిందట. శ్యామసుందర మొహం చిట్లించి బయ్యప్ప వైపు చూశాడు.

నేత్ర ఫోను అందుకుంది. "తూకాలు చదవన్నా, నేను కంప్యూటర్లో కొట్టుకుంటా. నింద పడేదానికన్నా నాకు ఇదే మేలు."

బయ్యప్ప లేచి కిటికీ మూసి, అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"కాళ్ళూపుకుంటా కూర్చుంది చాలు. పోయి ఆ కుప్ప ఎత్తించు."