కొల్లేటి గాలి, నా మొదటి కామెంటరీ

ఆ రోజుల్లో క్రికెటర్ అనేవాడికి మోకాలు ఉన్నంతకాలమే ఉద్యోగం. నా మోకాలు నా ఇరవై ఎనిమిదో ఏట రాజీనామా ఇచ్చేసింది. రంజీలో ఆరు మ్యాచ్‌లు ఆడినవాడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బాగుండదని మా మేనమామ తాడేపల్లిగూడెంలో ఓ కాలేజీ మైదానం మాట్లాడి నన్ను కోచ్‌ని చేశాడు. వచ్చిన ప్రతి తండ్రిదీ ఒకటే మాట: "మావాడికి బౌలింగ్ వద్దండి, ఎండలో నల్లబడిపోతాడు. బ్యాటింగ్ ఒక్కటి నేర్పండి చాలు." ఇరవై మంది బ్యాటర్లు తయారయ్యారు గానీ బౌలరు ఒక్కడూ లేడు. అందరికీ నేనే, ఆ కుంటి మోకాలితోనే, బంతులు వేసేవాణ్ని. (డాక్టరుగారు నన్నేమన్నారో ఇక్కడ రాయకూడదు.) పెదపాడు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పాస్టరుగారబ్బాయి ఒక్కడే, "నాకు బౌలింగే కావాలండి" అన్నాడు. అతనికప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. సగం ఆనందంతో, సగం నా మోకాలికి సెలవు దొరుకుతుందన్న ఆశతో.

ఆ వేసవిలో కొల్లేటి పక్క ఊళ్లో, నీళ్లు తోడి ఎండబెట్టిన చేపల చెరువులో టోర్నమెంటు పెట్టారు. పెట్టినాయన ఆ ఊరి ప్రెసిడెంటుగారు. "మీలాంటి పెద్ద ప్లేయరు మైకు పట్టుకుంటే మా ఊరికే గౌరవమండి. మీ కోచింగుకి గట్టు పక్కన ఓ ఎకరం చూద్దాం లెండి" అన్నారు. నాకు అప్పుడే నెట్లు, పెవిలియను, దాని నుదుట నా పేరు కనబడసాగాయి. టోర్నమెంటుకి నేను తీసుకెళ్లిన మా కుర్రాళ్ల జట్టు మీద ఆయన అల్లుడుగారే ఓపెనింగ్‌కి దిగుతున్నారని మాత్రం టాసయ్యాక తెలిసింది.

మొదటి ఓవరు మా పాస్టరుగారబ్బాయిది. మూడో బంతి అల్లుడుగారి బ్యాటంచుకి టిక్కుమని తగిలి కీపరు చేతుల్లో పడింది. మావాళ్లంతా వేసిన కేకకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి. అంపైరు ఆ ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఆ స్కూలు కమిటీకి పెద్ద ప్రెసిడెంటుగారే. మాస్టారు తెల్లకోటు జేబులోంచి చెయ్యి తీయకుండా నావైపు చూశారు. లౌడుస్పీకరు ఏమంటే అదే తీర్పన్నమాట. నా వెనకనుంచి ప్రెసిడెంటుగారు మెత్తగా, "ఏవండీ, ఇవాళ గాలెక్కువగా ఉన్నట్టుందండి" అన్నారు. నేను ఎకరం తలుచుకుని, "కొల్లేటి గాలికి ప్యాడు పట్టీ చప్పుడైనట్టుంది!" అని ప్రకటించాను. (ఆరు రంజీ మ్యాచ్‌ల అనుభవమూ ఆ ఒక్క వాక్యంలో పోశాను.) మాస్టారు హమ్మయ్య అనుకుని తల అడ్డంగా ఊపారు. మావాడు ఒక్కసారి నావైపు చూసి, బంతి తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు.

ఇంతలో అల్లుడుగారు బ్యాటు చంకన పెట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చారు. ఆయన భీమవరంలో లెక్చరరు. "ఒక్కసారి మైకిస్తారాండీ?" అని తీసుకుని, "బ్యాటుకే తగిలిందండి, గాలి కాదండి. మావయ్యగారు ముచ్చటపడ్డారని దిగాను గానీ, అసలు నాకు ఆటే రాదండి" అని ఊరందరికీ చెప్పి, షామియానా కిందికి వెళ్లి ప్యాడ్లు విప్పుకున్నారు. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టినవారు ప్రెసిడెంటుగారే. "చూశారా మా అల్లుడుగారి నిజాయితీ! అది చెప్పండి మైకులో!" అన్నారు. చెప్పాను. పావుగంట చెప్పాను.

సాయంత్రం పాస్టరుగారబ్బాయికి క్షమాపణ చెప్పబోయాను. "పర్లేదండి. తగిలిందని మీ మొహం చూస్తేనే తెలిసిపోయిందండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. సోమవారం మామూలుగానే నెట్స్‌కి వచ్చాడు. ఆ వారమంతా అతను వేసిన ప్రతి బంతినీ నేనే కుంటుకుంటూ వెళ్లి తెచ్చిచ్చాను. (గట్టు పక్క ఎకరంలో ఆ ఏడే చెరువు తవ్వి రొయ్యలు పోశారట.)

ఇప్పుడు ఏలూరులో కోచింగు, సీజనులో టీవీలో కామెంటరీ. చిత్తుగా ఓడిన జట్టుని "గట్టిగా పోరాడింది" అంటాను. సున్నాకి అవుటైనవాణ్ని "ఫామ్ వెతుక్కుంటున్నాడు" అంటాను. నా మర్యాద ఛానెలువాళ్లకి ఎంతో ఇష్టం. ఆ మధ్య మా అమ్మాయి టీవీ చూస్తూ, "నాన్నా, ఎవరైనా బాగా ఆడలేదని మీకెప్పుడూ అనిపించదా?" అని అడిగింది.

"అనిపిస్తుందమ్మా, ఇంటికొచ్చాక" అన్నాను.

అది పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.