గిరిజ తాయి సొంత ఆకుపచ్చ

మా పుణె ఆఫీసులో గిరిజ పట్వర్ధన్‌ను అందరూ తాయి, అంటే అక్క, అంటాం. ఇరవై రెండేళ్లుగా చక్కెర మిల్లుల్లో యంత్రాల స్థితిని రంగుల్లో చూపే కంప్యూటర్ తెరలకు ప్రోగ్రాములు రాస్తోంది. టీ తాగడానికి లేచినా కంప్యూటర్‌కు తాళం వేసి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసుకునే మనిషి. తన బాయిలర్ తెర ఫైలును ఎవరూ తెరవకూడదని ఆమె ఆజ్ఞ.

మా దగ్గర రంగులన్నీ ఒకే ఉమ్మడి ఫైలులో ఉంటాయి. 'ఎరుపు', 'ఆకుపచ్చ' అని కాక 'ప్రమాదం', 'క్షేమం' అని పనిని బట్టి పేర్లు పెడతాం. ప్రతి తెరా ఆ పేరుతోనే రంగు అడుగుతుంది. ఒక్కచోట మారిస్తే అన్ని తెరలూ మారాలి.

సాంగ్లీ మిల్లులో బాయిలర్ చూసే దత్తోబాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని తెలిసి, క్షేమాన్ని నీలం చేయమన్నారు. ఆ పని కొత్తగా చేరిన అస్మిత లోంఢేకు పడింది. ఆమెది ఇంకా మూడు నెలల పరీక్షా కాలం. ఉమ్మడి ఫైల్లో ఒక్క వరుస మార్చింది. తెరలన్నీ నీలమయ్యాయి, బాయిలర్ తెర తప్ప. అక్కడ పాత ఆకుపచ్చే ఉండిపోవడంతో దత్తోబా ఎర్రటి ప్రమాదాన్ని క్షేమమనుకున్నాడట. పక్కవాడు చూడబట్టి సరిపోయింది.

"ఆ పిల్ల నా ఫైల్లో చెయ్యి పెట్టింది. దాని నవ్వు చూసినప్పుడే అనుకున్నా" అంది తాయి. మా పై అధికారి కర్వే సార్ దగ్గరికెళ్లి అస్మితను ఉద్యోగంలోంచి తీసేయమని చెప్పింది. నేనూ తలూపాను. అస్మిత ఆలస్యంగా వచ్చినా అనుమానమే, తొందరగా వచ్చినా అనుమానమే మాకు.

కర్వే సార్ మాత్రం 'క్షేమం' అన్న పేరును ఫైళ్లన్నిట్లో వెతికించారు.

"రెండు చోట్లుంది తాయీ. ఉమ్మడి ఫైల్లో ఒకటి, నీ బాయిలర్ తెరలో ఇంకోటి. ఏడేళ్ల కిందట నువ్వే రాశావు."

తాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా ఉమ్మడి ఫైలు పాడుచేస్తారన్న భయంతో రంగులను తన తెరలో విడిగా రాసి దాచుకుంది. ఏ తెరైనా మొదట తన సొంత ఫైల్లో ఉన్న పేరునే చూస్తుంది. అక్కడ దొరికితే ఉమ్మడి ఫైలు దాకా పోదు. నాకు సిగ్గేసింది.

"మీ ఫైల్లో రంగులు విడిగా ఉన్నాయేమోనని నాకు మొదటి వారమే అనుమానమొచ్చింది తాయీ. తెరిచి చూస్తే దొంగనంటారని ఊరుకున్నా" అంది అస్మిత.

తాయి అప్పటికప్పుడే కర్వే సార్‌తో తప్పు తనదని ఒప్పుకుంది. అస్మిత ఉద్యోగం ఖాయం చేయమంది. ఆయన సరేనన్నారు.

అస్మిత మాత్రం బల్లమీద సామాను సర్దుకుంటోంది.

"ఉండిపోవే, నీ ఉద్యోగానికి నాది పూచీ" అంది తాయి, జీవితంలో మొదటిసారి ఒకరిని బతిమాలుతూ.

"రేపు ఇంకో తెర చెడితే ముందు ఎవరి వైపు చూస్తారు తాయీ?"

తాయి ఆమె వైపు కాదని అబద్ధమాడలేకపోయింది.

అస్మిత సంచీ భుజాన వేసుకుంది.